లింషోపింగ్‌లో దుప్పటి అద్దె, గ్లాడియేటర్ దర్శనం

స్వీడన్‌లోని లింషోపింగ్‌లో హాస్టల్ గది 750 క్రోనార్లే కదా అని బుక్ చేశాను. వెళ్లి చూస్తే మంచం మీద ఉత్త పరుపు! దుప్పటి, గలీబు అద్దెకిస్తారట, మనిషికి 95. ఖాళీ చేసేటప్పుడు గది మనమే ఊడ్చి తుడవాలి, లేదంటే 200. పొద్దున్నే లేచి ఇద్దరం మాప్ పట్టాం. రిసెప్షన్ అమ్మాయి వచ్చి, బాత్రూంలో ఒక్క వెంట్రుక చూపించి, ఆ 200 కూడా కోసింది. మొత్తం 1140. స్వీడన్ హాస్టళ్లలో ఇది మామూలేనట. వెళ్లేవాళ్లు దుప్పటి పట్టుకెళ్లండి. మా ఆవిడ మధ్యాహ్నం దాకా నాతో మాట్లాడలేదు.

స్టాక్‌హోమ్ నుంచి రైలు హాయిగా సాగింది. ఊరి పక్కనే మాల్మెన్‌లో వైమానిక దళం మ్యూజియం. నేను వెళ్లిందే గ్లాడియేటర్ అనే పాతకాలపు జంట రెక్కల యుద్ధవిమానం కోసం. స్వీడన్ 1937-38లో ఇంగ్లండ్ నుంచి 55 కొని, జె8 అని పేరు పెట్టుకుంది. దగ్గరికెళితే రెక్క మీద బిగించిన గుడ్డ కింద ఊచలు బక్కెద్దు డొక్కలా కనిపిస్తాయి. రెండు రెక్కల మధ్య లాగి కట్టిన తీగలు. ఇంత సన్నపు సరంజామాతో యుద్ధానికెళ్లారా అనిపించింది.

వెళ్లారు. 1940 జనవరిలో, సోవియట్ దాడిని ఎదుర్కొంటున్న ఫిన్లాండ్‌కి సాయంగా, ఎఫ్19 అనే వాలంటీర్ దళం 12 గ్లాడియేటర్లతో, 4 హార్ట్ బాంబర్లతో దిగింది. జనవరి 12న, మొదటి దాడిలోనే, మూడు హార్ట్‌లు పోయాయి. అందులో రెండు గాల్లో ఒకదాన్నొకటి గుద్దుకున్నవే.

ఫిన్లాండ్ గుర్తులతో ఉన్న ఆ గ్లాడియేటర్ మీద నీలం స్వస్తిక్ చూసి మా ఆవిడ మౌనం వీడింది: "ఇదేంటండీ, శుభలేఖ మీద గుర్తు!" హిట్లర్‌ది కాదులే అన్నాను. 1918లో స్వీడన్ దొర ఎరిక్ వాన్ రోసెన్ ఫిన్లాండ్‌కి కానుకిచ్చిన విమానం మీద తన అదృష్ట చిహ్నంగా వేయించినది. ఫిన్లాండ్ వాళ్లు దాన్నే ఉంచేసుకున్నారు.

పక్కనే ఇటలీ యుద్ధవిమానం ఫియట్ సీఆర్42 కూడా ఉంది. స్వీడన్ 72 కొంది. పైలట్ కూర్చునే చోటికి కప్పు లేదు, అదీ స్వీడన్ చలికి! గ్లాడియేటర్‌కి కనీసం జరిపే అద్దాల మూతుంది.

గురువారం కాబట్టి ఊళ్లో భోజనానికి పసుపు బఠాణీ సూప్, తర్వాత పాన్‌కేక్, జామ్. ఇక్కడ గురువారమంటే అదే, సైన్యంలోనూ. పంది ముక్కలు తీసేయించి, ఆవముద్ద కలుపుకుంటే అచ్చం ముద్దపప్పే. మా ఆవిడ రెండోసారి పోయించుకుంది.

సాయంత్రం 129 క్రోనార్లు పెట్టి ఓ దుప్పటి కొన్నాం. అది ఇప్పుడు మా మంచం మీదే ఉంది.