మైల్స్ మొరాలెస్: 3,999 పెట్టి కొనాలా, ఆగాలా?

ముందే చెప్పేస్తాను, సోనీ ప్లేస్టేషన్ 5 (పీఎస్5)లో ఆడే స్పైడర్‌మ్యాన్ గేమ్ మైల్స్ మొరాలెస్ నాకు చాలా నచ్చింది. కానీ పూర్తి ధర పెట్టి కొనమని మాత్రం ఎవరికీ చెప్పను. ఈ రెండు మాటలూ ఒకదానికొకటి అడ్డంగా ఉన్నాయనిపించొచ్చు, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను, పైగా వైజాగ్‌లో నాకు తెలిసిన పీఎస్5 ఉన్న కుర్రాళ్లందరూ అడిగేది ఒకటే: "స్పైడర్‌మ్యాన్ ఆడేశాం కదా అన్నా, మళ్లీ దీనికి అంత పెట్టాలా?"

ధరతోనే మొదలుపెడదాం, ఎందుకంటే నా బాధంతా అక్కడే ఉంది. ఇన్సోమ్నియాక్ అనే గేమ్ కంపెనీ తీసిన మొదటి స్పైడర్‌మ్యాన్ 2018లో పీఎస్4కి వచ్చింది, అమెరికాలో 60 డాలర్లు, మనకి 3,999 రూపాయలు. 2020 నవంబరులో మైల్స్ మొరాలెస్ వచ్చింది. ఇది మొదటిదంత పెద్ద గేమ్ కాదని తయారుచేసినవాళ్లే విడుదలకి ముందు చెప్పారు, అందుకు తగ్గట్టే అమెరికాలో 50 డాలర్లకి అమ్మారు. మరి ఇక్కడ? అదే 3,999. అక్కడివాళ్లకి పది డాలర్లు తగ్గాయి, మనకి ఒక్క రూపాయి తగ్గలేదు! చిన్న గేమ్ తీయడంలో తప్పేం లేదు, చిన్న గేమ్‌లంటేనే నాకిష్టం, ఉద్యోగం చేసుకుంటూ వంద గంటల గేమ్ ఎవరు పూర్తిచేస్తారు? కానీ చిన్నదని ఒప్పుకుని ఒక దేశంలో ధర తగ్గించినప్పుడు ఇంకో దేశంలో తగ్గించకపోవడం ఏం న్యాయం?

చిన్నదంటే ఎంత చిన్నది? కథ ఒక్కటే చూసుకుంటే ఎనిమిది గంటలు, అటూ ఇటూగా. పక్క పనులన్నీ చేసి మ్యాప్ మొత్తం ఖాళీ చేస్తే దానికి రెట్టింపు. మా తమ్ముడు శనివారం మధ్యాహ్నం మొదలుపెట్టాడు, ఆదివారం రాత్రి భోజనాలవేళకి ఆఖరి పేర్లు పడుతున్నాయి. "ఏటన్నయ్యా, అప్పుడే అయిపోయిందేటి?" అన్నాడు. పైగా ఊరు పాతదే. న్యూయార్క్‌లోని అదే మాన్‌హటన్, అవే మేడలు, అవే వీధులు, కాకపోతే పైన మంచు కప్పారు. మొదటి గేమ్‌లో వాడుకోవడానికి ఎనిమిది గాడ్జెట్లుంటే ఇందులో నాలుగే. పెద్ద విలన్లు కూడా తక్కువ, అక్కడ స్కార్పియన్, వల్చర్, ఎలక్ట్రో, డాక్టర్ ఆక్టోపస్ అంటూ వరసగా వచ్చి పడేవాళ్లు, ఇక్కడ చెప్పుకోదగ్గ పెద్ద ఫైట్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. రాక్సన్ కంపెనీ గార్డులు, అండర్‌గ్రౌండ్ ముఠా, వీళ్లనే తిప్పి తిప్పి కొడుతుంటాం.

సరే, ఇన్ని లోటులున్నా ఎందుకు నచ్చింది? హార్లెం వల్ల, మాన్‌హటన్‌లోని ఒక పేట అది.

మొదటి గేమ్‌లో హీరో, అసలు స్పైడర్‌మ్యాన్ అయిన పీటర్‌కి ఊరంతా ఒకటే, ఎక్కడ నేరం జరిగితే అక్కడికి వెళ్తాడు. ఇందులో పీటర్ కొన్ని వారాలు ఊళ్లో ఉండడు, మొత్తం భారం కొత్త స్పైడర్‌మ్యాన్, పదిహేడేళ్ల మైల్స్ మీద పడుతుంది, వాడేమో తండ్రి పోయాక తల్లితో కలిసి హార్లెంకి కొత్తగా వచ్చిన కుర్రాడు, ఆ పేటలో వాడినెవరూ ఎరగరు. గేమ్ ఆడుతున్నకొద్దీ ఆ పేట వాడిని తనవాడిని చేసుకోవడం కనిపిస్తుంది. సందులోని కిరాణా కొట్టాయన టియో పెంచుకునే పిల్లి పేరు కూడా స్పైడర్‌మ్యాన్. ఆ పిల్లిని వీపున బ్యాగులో పెట్టుకుని తిరిగే సూట్ ఒకటుంది, ఫైట్ మధ్యలో పిల్లి కూడా బయటికి దూకి పంజా విసురుతుంది, మా ఇంట్లో పిల్లలకి ఇక వేరే సూటే వద్దు. హెయిలీ అని గోడల మీద బొమ్మలు వేసే అమ్మాయి ఉంటుంది, ఆమెకి వినపడదు, మైల్స్ ఆమెతో చేతి సైగల భాషలోనే మాట్లాడతాడు, దాన్ని ఏదో గొప్ప విషయంలా చూపించకుండా మామూలుగా చూపించారు, అది నాకు ఎంత బాగా నచ్చిందో చెప్పలేను.

తల్లి రియో పాత్ర గురించి ఇంకో మాట. ఆమె సిటీ కౌన్సిల్ ఎన్నికల్లో నిలబడుతుంది, ఆమె పోరాటం రాక్సన్ వాళ్లు ఆ పేట మధ్యలో తెచ్చిపెట్టిన విద్యుత్ ప్లాంట్ మీద. శుభ్రమైన కరెంటు అని ప్రచారం, లోపల జరిగింది మాత్రం పనివాళ్ల ఆరోగ్యం దెబ్బతినడం, దాన్ని దాచిపెట్టడం. ఫ్యాక్టరీలను ఆనుకునే పేటలున్న ఊళ్లో బతుకుతున్నవాళ్లం, 2020లో ఫ్యాక్టరీ గ్యాస్ లీకై ఆర్ఆర్ వెంకటాపురం పడిన బాధ చూసినవాళ్లం, మనకి ఈ కథ కల్పనలా అనిపించదు. నేనైతే ఆ మిషన్లు ఆడుతూ రెండుసార్లు కంట్రోలర్ పక్కన పెట్టేశాను. మైల్స్ చిన్ననాటి స్నేహితురాలు ఫిన్ ఈ గొడవలోకి ఎలా వస్తుందో ఇక్కడ చెప్పను, అది మీరే చూడాలి.

ఆడటం సంగతికొస్తే వెనమ్ పవర్ అసలు మజా. చేతుల్లోంచి కరెంటు పుట్టించి కొడతాడు, కంట్రోలర్‌లో ఎడమ నుంచి కుడికి ఆ వణుకు పాకుతుంది, ఊగేటప్పుడు ఆర్2 బటన్ నిజంగా బిగుసుకుంటుంది. కనపడకుండా మాయమయ్యే శక్తి కూడా ఉంది, దాంతో దొంగచాటుగా వెళ్లే మిషన్లు మొదటి గేమ్ కన్నా బాగా తేలికయ్యాయి, కొందరికి మరీ తేలికనిపించొచ్చు. మైల్స్ ఊగే తీరు కూడా పీటర్‌లా ఉండదు, కాళ్లూ చేతులూ అటూ ఇటూ పోతుంటాయి, ఇంకా నేర్చుకుంటున్న పిల్లాడని చూడగానే తెలుస్తుంది. సెకనుకి 60 ఫ్రేమ్స్‌తో, అంటే బొమ్మ నున్నగా కదులుతూ, రే ట్రేసింగ్ (అద్దాల్లో నిజమైనట్టు కనిపించే ప్రతిబింబాలు) వచ్చే మోడ్ ఒకటి విడుదలైన కొద్ది వారాలకే అప్‌డేట్‌లో ఇచ్చారు, అదే పెట్టుకోండి. మే నెల ఉక్కపోతలో ఫ్యాన్ కింద కూర్చుని ఆ మంచులో అద్దాల మేడల మధ్య తిరుగుతుంటే ప్రాణం హాయిగా ఉంటుంది. ఆడియో, సబ్‌టైటిల్స్ తెలుగులో లేవు, ఇంట్లో పెద్దవాళ్లకి కథ మనమే చెప్పాలి.

ధర విషయంలో ఇలాంటి ఇంకో గేమ్ గుర్తుకొస్తుంది, అన్‌చార్టెడ్ లాస్ట్ లెగసీ, 2017లో వచ్చింది. అది మన పశ్చిమ కనుమల్లో, హొయసల రాజుల కాలం నాటి గుళ్ల చుట్టూ నడిచే కథ, బేలూరు హళేబీడు పేర్లు వినపడతాయి. అది అన్‌చార్టెడ్ నాలుగో భాగానికి కొసరుగా మొదలై, పెరిగి విడి గేమ్ అయింది, ఆడే సమయం కూడా ఇంచుమించు ఇంతే. కానీ దాన్ని అమెరికాలో 40 డాలర్లకే ఇచ్చారు, నాలుగో భాగం డీలక్స్ కొన్నవాళ్లకైతే ఉచితం. కొసరు గేమ్‌ని అమ్మే పద్ధతంటే అది. పాత అభిమాని దగ్గర రెండోసారి పూర్తి డబ్బులు తీసుకోకూడదు.

మరి ఎవరు ఎంత పెట్టొచ్చు? మొదటి గేమ్ ఆడనివాళ్లకి అల్టిమేట్ ఎడిషన్ మంచి బేరం, విడుదలలో 4,999, అందులో మొదటి గేమ్ రీమాస్టర్డ్ (పీఎస్5 కోసం మెరుగులు దిద్దినది) కూడా వస్తుంది, అంటే వెయ్యి ఎక్కువ పెడితే రెండు గేమ్‌లు. 2023లో వచ్చిన స్పైడర్‌మ్యాన్ 2 కొనే ఆలోచన ఉన్నవాళ్లు కూడా దీన్ని వదలొద్దు, అందులో పీటర్, మైల్స్ ఇద్దరితోనూ ఆడతాం, మైల్స్ వెనకున్న కథంతా ఇక్కడే ఉంది. మొదటిది ఆడేసి, ఇంకో వారాంతం సరదాగా గడవాలనుకునేవాళ్లకి నా లెక్కలో రెండు వేలు న్యాయం. అంతకి ఒక్క పైసా ఎక్కువ పెట్టను.

రెండు వేల లోపు దొరుకుతుందా అంటే దొరుకుతుంది. డాబాగార్డెన్స్, ద్వారకానగర్ వైపు పాత డిస్కులు కొని అమ్మే చిన్న షాపుల్లో వాకబు చేయండి. చాలామంది పట్టించుకోని విషయం ఒకటి, ఈ గేమ్ పీఎస్4 డిస్కు కొన్నా పీఎస్5 వెర్షన్‌కి అప్‌గ్రేడ్ ఉచితమే. పాత పీఎస్4 డిస్కు సహజంగానే తక్కువకి వస్తుంది, దాన్ని డిస్క్ డ్రైవ్ ఉన్న పీఎస్5లో పెట్టి పీఎస్5 వెర్షన్ డౌన్‌లోడ్ చేసుకోవచ్చు, ఆడేటప్పుడు మాత్రం డిస్కు లోపలే ఉండాలి. 50 జీబీ దాకా దిగుతుంది కాబట్టి నెట్ బాగున్న రాత్రి పెట్టుకోండి. అల్టిమేట్ ఎడిషన్ మాత్రం పాతది కొనొద్దు, అందులో రీమాస్టర్డ్ గేమ్ కోడ్ రూపంలో కాగితం మీద ఉంటుంది, మొదట కొన్నవాళ్లు దాన్ని వాడేసి ఉంటారు, మీ చేతికి మిగిలేది మైల్స్ ఒక్కటే. మా స్నేహితుడొకడికి ఓ షాపులో సరిగ్గా ఇదే జరిగింది, అడిగితే "మాకేం తెలుసు బాబూ" అన్నారట. డిస్క్ డ్రైవ్ లేని డిజిటల్ ఎడిషన్ పీఎస్5 ఉన్నవాళ్లకి డిస్కు దారి లేదు, ప్లేస్టేషన్ స్టోర్‌లో విష్‌లిస్ట్‌లో పెట్టుకుని సేల్ దాకా ఆగండి, ఈ గేమ్ సేల్‌లోకి వస్తూనే ఉంటుంది.