సీటీఆర్‌ఐ: క్యాన్సర్ ట్రయల్ వెతుక్కునేవారికి ఎంత పనికొస్తుంది?

సీటీఆర్‌ఐ అంటే క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ - ఇండియా: కొత్త మందులు, చికిత్సలను మనుషులపై పరీక్షించే అధ్యయనాల (ట్రయల్స్) ఆన్‌లైన్ జాబితా. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) ఆధ్వర్యంలో 2007 నుంచి నడుస్తున్న ఈ రిజిస్ట్రీలో వెతకడానికి పైసా ఖర్చు లేదు. 2018 ఏప్రిల్ 1 నుంచి, మొదటి రోగిని చేర్చుకోకముందే ట్రయల్ ఇందులో నమోదు కావాలి. అంతవరకు భేష్.

వెతకడమే చిరాకు. ఉత్త ‘క్యాన్సర్’ అని కొడితే చాంతాడంత జాబితా వస్తుంది. అవయవం పేరు, మందు పేరు ఇంగ్లిష్‌లో కలిపి కొట్టాలి. పేజీ తెరవగానే ఎక్స్‌క్లూజన్ క్రైటీరియా (ఎవరిని చేర్చుకోరో చెప్పే షరతులు) దగ్గరకు వెళ్లండి. అంతకుముందు తీసుకున్న కీమో, క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష), ప్లేట్‌లెట్లు, మెదడుకు పాకిన గడ్డ: చాలామందికి తలుపు మూసుకునేది ఇక్కడే. తర్వాత ఫేజ్, అంటే పరీక్ష ఏ దశలో ఉందో చూడండి. ఒకటో ఫేజ్ ప్రధానంగా మోతాదు, భద్రత తేల్చడానికి. జబ్బు తగ్గుతుందన్న భరోసాతో వెళ్లేది కాదు. మూడో ఫేజ్‌లో సాధారణంగా కొత్త మందును ఇప్పటి చికిత్సతో పోలుస్తారు. ఏ గ్రూపులో పడతామన్నది చీటీ తీసినట్టే, డాక్టరు చేతిలో కూడా ఉండదు.

అసలు లోపం స్టేటస్ (రోగులను ఇంకా చేర్చుకుంటున్నారా లేదా) దగ్గర. ‘ఓపెన్ టు రిక్రూట్‌మెంట్’ అని ఉన్నా చేరికలు ఎప్పుడో ముగిసి ఉండొచ్చు. పబ్లిక్ క్వెరీ (జనం సందేహాలు అడిగే చోటు) కింద ఉన్న నంబరుకు ఫోన్ చేయకుండా రైలు టికెట్ కొనకండి. అలాగే మీరు వెళ్లే ఆసుపత్రి ఎథిక్స్ కమిటీ (ట్రయల్‌ను పరిశీలించి అనుమతిచ్చే కమిటీ) పేరు ఎదురుగా ‘అప్రూవ్డ్’ అని ఉందో లేదో చూసుకోండి.