హోల్టర్‌మన్ గాజు నెగెటివ్‌లు: రాజోలు స్టూడియో నుంచి ఒక రివ్యూ

ఫోటో పని మీద బతికేవాళ్లందరూ ఒక్కసారైనా చూడాల్సిన ఉచిత సర్వీసు ఇది. ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ స్టేట్ లైబ్రరీ తన దగ్గరున్న హోల్టర్‌మన్ కలెక్షన్‌ని స్కాన్ చేసి నెట్‌లో పెట్టింది. దాదాపు 3,500 గాజు నెగెటివ్‌లు, అన్నీ 1870ల నాటివి. డబ్బు కట్టక్కర్లేదు, కాపీరైట్ గొడవ లేదు. రాజోలులో కూర్చుని డౌన్‌లోడ్ చేసుకుని ప్రింటు వేసుకోవచ్చు.

ఈ హోల్టర్‌మన్ ఫోటోగ్రాఫర్ కాదు, బంగారు గని ఆసామి. 1838లో జర్మనీలోని హాంబర్గ్‌లో పుట్టి, ఇరవై ఏళ్ల వయసులో సిడ్నీ చేరాడు. బయర్స్ అనే స్నేహితుడితో కలిసి న్యూ సౌత్ వేల్స్‌లోని హిల్ ఎండ్ అనే ఊరి దగ్గర ఏళ్ల తరబడి కొండ తవ్వాడు. 1868లో ఇద్దరూ అక్కాచెల్లెళ్లను ఒకే రోజు పెళ్లాడి తోడల్లుళ్లయ్యారు. మందుగుండు ముందే పేలి ఒకసారి చావు తప్పింది. చివరికి 1872 అక్టోబర్ 19న వాళ్ల గనిలో 286 కిలోల రాయి బయటపడింది. అందులో బంగారమే 93 కిలోల దాకా ఉంది. దాని విలువ 12,000 పౌండ్లని లెక్కకట్టారు. రాయిని పగలగొట్టకుండా తనకే ఇమ్మని, ఇంకో వెయ్యి పౌండ్లు పైన ఇస్తానన్నాడట హోల్టర్‌మన్. గని కంపెనీ ఒప్పుకోలేదు. రాయిని పిండి చేసి బంగారం తీసేశారు.

ఆ రాయి పక్కన గడ్డంతో, దర్జాగా నిలబడ్డ హోల్టర్‌మన్ ఫోటో మీకూ ఎప్పుడో కనపడే ఉంటుంది. అది అతికించిన ఫోటో. స్టూడియోలో ఆయన్ని విడిగా తీసి, రాయిని తర్వాత కలిపారు. కాలం చేసిన తాతగారిని తెచ్చి మామ్మగారి పక్క కుర్చీలో కూర్చోబెట్టే పని మా స్టూడియోల్లో ఎన్నో ఏళ్లు చేశాం కాబట్టి, ఆ పనితనం నాకు బాగా తెలుసు. ముందు ఆయన చేతిని చూడండి. ఏదో పట్టుకున్నట్టు గాల్లో ఎంత సరిగ్గా నిలిపారో, అక్కడుంది తెలివంతా.

కానీ నా దృష్టిలో ఈ కలెక్షన్ విలువ ఆ ఫోటోలో లేదు. బోఫాయ్ మెర్లిన్, చార్లెస్ బేలిస్ అనే ఇద్దరు ఫోటోగ్రాఫర్లు హిల్ ఎండ్, గుల్‌గాంగ్ ఊళ్లలో ఇల్లిల్లూ, కొట్టు కొట్టూ తిరిగి, ఎవరి గుమ్మం ముందు వాళ్లని నిలబెట్టి ఫోటోలు తీశారు. హోల్టర్‌మన్ ఆ పనికి డబ్బు పెట్టాడు. 1873లో మెర్లిన్ చనిపోతే బేలిస్‌తో కొనసాగించాడు. చెట్టు బెరడు కప్పిన పాకలు, బురద వీధి, జేబుల్లో చేతులు పెట్టుకున్న కూలీలు. జూమ్ చేస్తూ పోండి, కొట్టు మీది బోర్డు అక్షరాలు చదవగలరు. పెద్దవాళ్లు బిగుసుకుని నిలబడ్డారు కాబట్టి చొక్కా గుండీలు కూడా లెక్కపెట్టొచ్చు. కదిలిన పిల్లలూ కుక్కలూ మాత్రం మసగ్గా పడ్డారు. ఎక్స్‌పోజర్‌కి అంత సమయం పట్టేది మరి.

అది తడి ప్లేటు కాలం. గాజు మీద కలోడియన్ అనే జిగురు ద్రవం పోసి, సిల్వర్ నైట్రేట్‌లో ముంచి, ఆరేలోపే ఫోటో తీసి కడిగెయ్యాలి. అంటే డార్క్ రూమ్‌ని కూడా వెంట మోసుకుపోవాలి. ఫిల్మ్ రోజుల్లో డార్క్ రూమ్‌లో ఫోటోలు కడిగే హైపో మందు వాసన పీల్చినవాళ్లకి ఈ కష్టం విలువ ఇట్టే తెలుస్తుంది. 1875లో అయితే ఇంకో అడుగు ముందుకేశారు. హోల్టర్‌మన్ సిడ్నీలో కట్టుకున్న మేడ బురుజులోని గదినే కెమెరాగా మార్చి, ఐదడుగులు దాటిన వెడల్పున్న గాజు పలకల మీద ఊరిని తీశారు. అవి 1876లో ఫిలడెల్ఫియా, 1878లో పారిస్ ప్రదర్శనలకు వెళ్లాయి. ఆయన 1885లో, తన 47వ పుట్టినరోజు నాడే చనిపోయాడు. నెగెటివ్‌లు 1951లో సిడ్నీ శివారు చాట్స్‌వుడ్‌లో ఒక పెరటి షెడ్డులో దొరికాయి.

ఆ షెడ్డు సంగతి చదివినప్పుడు నాకు కడుపు మండింది. మా నాన్నగారి నెగెటివ్‌లన్నీ 1996 నవంబర్ 6 తుపానులో తడిసి, ఒకదానికొకటి అంటుకుపోయాయి. విడదీస్తుంటే మొహాలు ఊడి వచ్చాయి. కోనసీమలో ఒక తరం పెళ్లిళ్లు అందులో ఉన్నాయి. అక్కడ షెడ్డులో పడి ఉన్నవి దక్కాయి, ఇక్కడ బీరువాలో పెట్టినవి పోయాయి. మన దగ్గర కొబ్బరి, రొయ్యలు, రైసుమిల్లుల్లో గట్టిగా సంపాదించినవాళ్లకి కొదవలేదు. వాళ్లలో ఒక్కరు డబ్బు పెట్టినా, మన పాత పెంకుటిళ్లూ రేవులూ కొట్లూ కూలిపోకముందే ఇలా తీయించుకోవచ్చు. తీయడానికి నేను సిద్ధం.

వాడాలనుకునేవాళ్లకి రెండు మాటలు. ఫోన్‌లో చూడకండి, ఈ ఫోటోల గొప్పతనం సగం పోతుంది. కంప్యూటర్ ముందు తీరిగ్గా కూర్చోండి. వెతకడం ఇంగ్లిష్‌లోనే. హిల్ ఎండ్ కన్నా గుల్‌గాంగ్‌తో మొదలుపెట్టమంటాను, వీధులు అక్కడ ఇంకా సందడిగా ఉంటాయి.

ప్రింటు విషయంలో జాగ్రత్త. నేను ఇచ్చిన ల్యాబులో మిషన్ తనంతట తను కరెక్షన్ చేసి, ఆకాశాన్ని నీలం చేసి, నీడల్లో వివరమంతా మింగేసింది. ఆపరేటర్ పక్కన నిలబడి "కరెక్షన్ ఏమీ వద్దండి" అని చెప్పి రెండోసారి వేయించాను. మ్యాట్ పేపరు, 12 బై 18 అంగుళాల సైజు బాగా కుదిరింది. మన ఉప్పు గాలికి ఫంగస్ పట్టకుండా అద్దానికీ ప్రింటుకీ మధ్య మౌంట్ బోర్డు పెట్టించండి. స్టూడియోలో తగిలించిన దగ్గర్నుంచి పాస్‌పోర్ట్ ఫోటోకి వచ్చినవాళ్లు కూడా "ఏ ఊరండి బాబూ ఇది?" అని దగ్గరికెళ్లి చూస్తున్నారు. ఐదుకి ఐదు స్టార్లూ ఇస్తున్నాను.