బెంగళూరులో తెలుగు క్యాథలిక్ గురువులకు బాలల రక్షణ శిక్షణ: పొద్దున పూట బాగుంది, మధ్యాహ్నం పాఠం మార్చాలి

తెలుగు విచారణల (పారిష్‌ల) ఫాదర్లు, హాస్టళ్లు నడిపే సిస్టర్లు, ఆదివారం జ్ఞానోపదేశం చెప్పే టీచర్ల కోసం బెంగళూరులోని ఒక ధ్యానకేంద్రంలో జరిగే ఒకరోజు శిక్షణ ఇది. పొద్దున తొమ్మిదికి మొదలై సాయంత్రం నాలుగున్నర దాకా సాగుతుంది. భోజనం, టీ, చిన్న పుస్తకం కలిపి ఐదొందల రూపాయలు. పాఠమంతా తెలుగులోనే. బిడ్డ తెలుగులో చెప్పే మాటను ఇంగ్లిషులో నేర్చుకున్న పద్ధతితో వినాలంటే ఇబ్బందే, అందుకే ఇది పెద్ద మేలు.

మా అభిప్రాయం ముందే చెప్పేస్తాం. భోజనం దాకా చెప్పేది ప్రతి గురువూ వినాలి. ఆ తర్వాత నేర్పే ఫిర్యాదు వరసలో మాత్రం తప్పుంది. దాన్ని దిద్దేదాకా ఆ పుస్తకాన్ని ఏ విచారణ ఆఫీసులోనూ పెట్టకూడదు.

మొదటి అరగంట చరిత్ర. గురువులు పిల్లల మీద చేసిన లైంగిక నేరాల గురించి 2002లో బోస్టన్‌లో బయటపడ్డ నిజాలు, అదే ఏడాది డిసెంబరులో అక్కడి ఆర్చ్‌బిషప్ కార్డినల్ లా రాజీనామా, 2018 పెన్సిల్వేనియా గ్రాండ్ జ్యూరీ నివేదికలో 300 మందికి పైగా గురువుల పేర్లు, 2021లో ఫ్రాన్సు కమిషన్ అంచనా వేసిన 2,16,000 మంది బాధితులు. ఇదంతా విదేశాల గొడవ అని ఎవరూ అనుకోకుండా కేరళ కొట్టియూర్ కేసు కూడా చెబుతారు. 2019 ఫిబ్రవరిలో, పిల్లల మీద లైంగిక నేరాలను విచారించే తలశ్శేరి పోక్సో కోర్టు అక్కడి విచారణ గురువుకు 20 ఏళ్ల శిక్ష వేసింది, తర్వాత హైకోర్టు దాన్ని పదేళ్లకు తగ్గించింది. ఈ భాగం క్లుప్తంగా, సరిగ్గా ఉంది.

అసలు విలువంతా రెండో పాఠంలో ఉంది. బిడ్డ నోరు విప్పిన మొదటి పది నిమిషాల్లో గురువు ఏం చేయాలో నేర్పుతారు. తలుపు తెరిచే ఉంచాలి, ఇంకొకరి కంట పడేచోట కూర్చోవాలి. "ఎవరికీ చెప్పనులే" అని మాటివ్వకూడదు, ఎందుకంటే ఆ మాట నిలబెట్టుకోవడానికి చట్టం ఒప్పుకోదు. తర్వాత మాట తప్పితే బిడ్డ మళ్లీ ఎవరినీ నమ్మదు. "ఎందుకు వెళ్లావు?", "అప్పుడే ఎందుకు చెప్పలేదు?" అనే ప్రశ్నలు అసలు వద్దు. "ఇంకేమైనా చెప్పాలనుందా?" అంటే చాలు. విన్నది విన్నట్టు బిడ్డ మాటల్లోనే, తెలుగులోనే రాయాలి. శరీర భాగాలకు ఇంట్లో వాడే పేరు ఏది చెబితే అదే రాయాలి, మర్యాద మాటలోకి మార్చకూడదు. తేదీ, సమయం, ఎవరెవరు అక్కడున్నారు, కింద సంతకం. ఫాదర్ ఒకసారి, సిస్టర్ ఒకసారి, విచారణ సభ పెద్దలు ఇంకోసారి అడిగితే బిడ్డ మాట ప్రతిసారీ కాస్త మారుతుంది. కోర్టులో డిఫెన్స్ లాయరు "ఎవరో నేర్పించారు" అనడానికి ఆ తేడాలే చాలు.

ఘటన జరిగి మూడు రోజులు దాటకపోతే చేయాల్సింది విడిగా చెబుతారు. స్నానం చేయించకుండా, బట్టలు ఉతకకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. విప్పిన బట్టలు కాగితపు సంచిలో పెట్టాలి, ప్లాస్టిక్ కవరులో తేమ నిలిచి ఆనవాళ్లు పాడవుతాయి. పోలీసు కాగితం తెస్తేనే చూస్తామని ఏ డాక్టరూ అనకూడదని 2020 పోక్సో నియమాల్లో ఉంది. ఆడపిల్ల అయితే పరీక్ష చేయాల్సింది లేడీ డాక్టరే. ఇంత పనికొచ్చే వివరం గురువు కాబోయేవారి చదువులోనే ఉండాల్సింది.

పాపసంకీర్తనం (గురువు దగ్గర రహస్యంగా పాపాలు ఒప్పుకోవడం) గురించి కూడా తప్పించుకోకుండా మాట్లాడతారు. ఆ రహస్యాన్ని ఏ కారణంతోనైనా సరే బయటపెట్టకూడదని శ్రీసభ (క్యాథలిక్ చర్చి) చట్టం, 983వ కానను (సూత్రం). పోక్సోలో దానికి మినహాయింపు రాసిలేదు. ఈ రెండింటి మధ్య పేచీ లేదని నటించకుండా, గురువు చేతిలో ఉన్నదేమిటో చెబుతారు. బిడ్డ పాపసంకీర్తనంలో ఇలాంటిది చెబితే "ఇది నీ పాపం కాదు నాన్నా" అని ముందు చెప్పాలి. "ఇక్కడ అయిపోయాక బయట నాతో గానీ, సిస్టర్‌తో గానీ, అమ్మతో గానీ ఇదే మాట చెబుతావా?" అని అడగాలి. సంకీర్తనం బయట విన్న మాటకు ఆ రహస్యం వర్తించదు. వాటికన్ 2020లో ఇచ్చిన చేతిపుస్తకం కూడా ఇదే దారి చూపింది. పిల్లల సంకీర్తనాలు గదిలో కాకుండా గుడిలోనే, నలుగురికీ కనిపించేలా, వినిపించనంత దూరంలో పెట్టమన్న సూచన మాకు బాగా నచ్చింది.

ఇక తప్పు దగ్గరికి వద్దాం. పుస్తకంలోని బొమ్మలో ఫిర్యాదు వరస ఇలా ఉంది: విచారణ గురువు, తర్వాత అగ్రపీఠం (ఆర్చ్‌బిషప్) ఆఫీసు, తర్వాత చర్చి కమిటీ దర్యాప్తు, చివరన "అవసరమైతే" పోలీసులు. బాధితుడు పద్దెనిమిదేళ్ల లోపు బిడ్డ అయితే ఈ వరస చట్టానికి విరుద్ధం. పోక్సో చట్టం 2012 నవంబరు 14న అమల్లోకి వచ్చింది. నేరం జరిగిందని తెలిసినా, జరగబోతుందన్న భయం కలిగినా ఎవరైనా సరే పోలీసులకు గానీ, ప్రత్యేక బాలల పోలీసు విభాగానికి గానీ చెప్పి తీరాలని దాని 19వ సెక్షన్. రుజువులు వెతకమని చట్టం ఎవరికీ చెప్పలేదు, ఆ పని పోలీసులది. చెప్పకపోతే 21వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. సంస్థ నడిపే పెద్ద తన కింది మనిషి చేసిన నేరాన్ని దాస్తే ఏడాది దాకా జైలు, జరిమానా. మఠశ్రేష్ఠులు (మఠాల పెద్దలు), హాస్టల్ వార్డెన్ సిస్టర్లు ఈ వాక్యం రెండుసార్లు చదవాలి. మంచి మనసుతో చెప్పినవారి మీద ఏ కేసూ నిలవదని కూడా అదే 19వ సెక్షన్ చెబుతోంది.

"రోము ఒప్పుకోదు" అనే సాకు ఇప్పుడు చెల్లదు. ఈ కేసుల మీద ఉన్న పాంటిఫికల్ రహస్యాన్ని (చర్చి లోపలి సంగతి బయటకు చెప్పకూడదన్న నియమాన్ని) పోపు ఫ్రాన్సిస్ 2019 డిసెంబరు 17న ఎత్తేశారు. అదే ఏడాది మే నెలలో వచ్చిన పోపు ఉత్తర్వు 'వోస్ ఎస్తిస్ లూక్స్ ముంది', దాన్నే దిద్ది 2023 మార్చిలో ఇచ్చిన పాఠం కూడా గురువులు, మఠవాసులు తమ పీఠాధిపతికి (బిషప్‌కు) వెంటనే తెలపాలంటూనే, దేశ చట్టం ప్రకారం చెప్పాల్సిన బాధ్యత అలాగే ఉంటుందని రాశాయి. ఫిర్యాదు చేసినవారిని నోరు మూసుకోమనకూడదని కూడా రాశాయి. అంటే పోలీసులకు చెప్పడం, పీఠాధిపతులకు చెప్పడం రెండూ ఒకే రోజు జరగాలి. చర్చి కమిటీ పని ముగిసేదాకా పోలీసులు ఆగాల్సిన పని లేదు.

బెంగళూరులో స్టేషనుకు వెళ్లే తెలుగువారికి పనికొచ్చే ఒక ముఖ్యమైన సంగతి పుస్తకంలో అసలే లేదు. ఇక్కడ కాగితం కన్నడలో తయారవుతుంది. బిడ్డకు అర్థంకాని భాషలో నమోదు చేయాల్సి వస్తే అనువాదకుణ్ణి ఇవ్వాలని 19వ సెక్షన్‌లోనే ఉంది, అడిగి తీసుకోవాలి. రాసినది చదివి వినిపించాలి, ఎఫ్‌ఐఆర్ కాపీ ఉచితంగా ఇవ్వాలి. ఘటన ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా జీరో ఎఫ్‌ఐఆర్ రాయించవచ్చు. బిడ్డ వాంగ్మూలం ఇంట్లోనో, బిడ్డకు నచ్చిన చోటనో, వీలైనంతవరకు మహిళా అధికారి యూనిఫాం లేకుండా తీసుకోవాలి. 24 గంటల్లోగా పోలీసులు బాలల సంక్షేమ కమిటీకి తెలపాలి. తోడుండే సహాయకులు కావాలని కుటుంబం ఆ కమిటీనే అడగవచ్చు. రాత్రివేళ ఏం చేయాలో తోచకపోతే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయడం సులువు. ఈ వాక్యాలు చేర్చడానికి పుస్తకంలో ఒక పేజీ చాలు.

ఎందుకింత పట్టుబడుతున్నామంటే, రాయలసీమ నుంచి కట్టడం పనులకు వచ్చిన కుటుంబాలకు ఈ ఊళ్లో పెద్దదిక్కు చాలాసార్లు ఫాదరే. స్కూల్ సీటు, రేషన్ కార్డుకు సంతకం, అద్దె ఇంటికి సిఫారసు అన్నీ ఆయన దగ్గరే. "ఫాదర్ మీద చెబితే పాపం తగులుతుంది" అని బిడ్డ నోరు నొక్కే తల్లిదండ్రులు చెడ్డవాళ్లు కాదు, ఆధారం పోతుందని భయపడ్డవాళ్లు. అలాంటి ఇంటిని చర్చి కమిటీ ముందు కూర్చోబెడితే రాజీ తప్ప ఇంకేమీ రాదు.

ఆరోపణ వచ్చిన గురువును ఏం చేయాలన్న పాఠం కూడా బలహీనంగా ఉంది. వేరే విచారణకు బదిలీ చేయకూడదని గట్టిగానే చెప్పారు, అది మెచ్చుకోవాలి. 1722వ కానను ప్రకారం సేవ నుంచి తప్పించడం శిక్ష కాదు, తీర్పు వచ్చేదాకా జాగ్రత్త మాత్రమే అన్న వివరణా బాగుంది. తీరా పూజలో చదవడానికి ఇచ్చిన నమూనా ప్రకటనలో "ఆరోగ్య కారణాల వల్ల సెలవులో ఉన్నారు" అని ఉంది. అబద్ధంతో మొదలైన ప్రకటనను విచారణ ప్రజలు ఎన్నటికీ మరిచిపోరు. "ఫాదర్‌గారి మీద ఫిర్యాదు వచ్చింది, అధికారులకు తెలిపాం, దర్యాప్తు ముగిసేదాకా ఆయన పూజ చేయరు, దయచేసి ఆ బిడ్డ ఎవరో ఆరా తీయకండి" అంటే సరిపోతుంది. బిడ్డ పేరు, ఇల్లు, స్కూలు తెలిసిపోయేలా బయటపెట్టడం 23వ సెక్షన్ కింద నేరం. వాట్సాప్ గ్రూపులో పెట్టినా అంతే.

చివరి గంటలో గుడి ఆవరణ తనిఖీ. సక్రిస్టీ (గురువు పూజకు సిద్ధమయ్యే గది) తలుపుకు అద్దం పలక, పీఠ బాలురతో (పూజలో సాయం చేసే పిల్లలతో) ఎప్పుడూ ఇద్దరు పెద్దలు, గుణదల తిరునాళ్లకో వేళాంకణికో వెళ్లి రాత్రి బస చేసేటప్పుడు పిల్లల గదిలో పెద్దలు పడుకోకపోవడం, పిల్లలకు విడిగా మెసేజులు పంపకుండా తల్లిదండ్రులున్న గ్రూపులోనే పెట్టడం. ఆ జాబితా కాపీ తీసి ఆఫీసు గోడకు అంటించవచ్చు.

ఐదుకు మూడున్నర ఇస్తున్నాం. హాస్టల్, ట్యూషన్, పీఠ బాలుర బాధ్యత ఉన్నవారు తప్పక వెళ్లండి. సీటు బుక్ చేసేటప్పుడు రెండు సంగతులు అడగండి: ఫిర్యాదు వరస బొమ్మ మార్చారా, పోక్సో కోర్టులో పనిచేసే లాయరు మధ్యాహ్నం పాఠానికి వస్తున్నారా. రెండోదానికి "లేదు" అంటే పొద్దున పూట పాఠం విని, చట్టం సంగతులు వేరేచోట తెలుసుకోండి.