కాసిల్‌వేనియా: మొదటి నాలుగు చూసి ఆపేయకండి

నెట్‌ఫ్లిక్స్ యానిమేషన్ సిరీస్ కాసిల్‌వేనియా మొదటి సీజన్ అంతా కలిపి నాలుగే ఎపిసోడ్లు. కాజీపేటలో రైలెక్కితే సికింద్రాబాద్ వచ్చేలోపు అయిపోతుంది. పక్క సీట్లో చిన్నపిల్లలుంటే మాత్రం ఫోన్ బయటికి తీయొద్దు, పేగులు తెంపే బొమ్మలివి. 2017లో వచ్చిన ఆ నాలుగూ చూసి "నెత్తురు, బూతులు, గంతే" అనుకుంటే తప్పేం లేదు. మూలం జపాన్ కంపెనీ కోనామి వాళ్ల పాత వీడియో గేమ్, ఓ తాగుబోతు వేటగాడు, అతని కొరడా. అప్పటికి అంతకు మించి పెద్దగా కనిపించదు.

కాకపోతే కథకు మూలం మొదటి ఎపిసోడ్‌లోనే ఉంది. 1475లో, నేటి రొమేనియాలోని వలేకియాలో, వైద్యం చేసే లిసాను మంత్రగత్తె అని చర్చివాళ్లు సజీవంగా కాల్చేస్తారు. ఆమె భర్తే డ్రాక్యులా. ఏడాది గడువిచ్చి జనం మీద పడతాడు. మంత్రాలు చేస్తున్నారని కొట్టి చంపిన వార్తలు జిల్లా పేజీలో చదివే మనకు ఇదేం దూరపు కథ కాదు.

2018 నాటి రెండో సీజన్‌లో ఎనిమిది ఎపిసోడ్లు. రక్తపిశాచాల రాజు యుద్ధం గాలికొదిలేసి మంట ముందు కుర్చీలో కూలబడి ఉంటాడు. పక్కనే అతని కొలువులోని మరో రక్తపిశాచి కార్మిల్లా కుట్ర నడుస్తుంటుంది. ఏడో ఎపిసోడ్‌లో (చూడనివాళ్లు ఈ మూడు వాక్యాలు వదిలేయండి) డ్రాక్యులా, అతని కొడుకు కొట్టుకుంటూ గోడలు పగలగొట్టుకుంటూ వచ్చి ఓ గదిలో పడతారు. అది కొడుకు చిన్ననాటి గది. తానూ లిసా కలిసి చేసిన బొమ్మలు కనబడగానే డ్రాక్యులా చెయ్యి ఆగిపోతుంది. డ్రాక్యులాకు మాటలు చెప్పిన గ్రాహం మెక్‌టావిష్ గొంతు కోసమైనా ఇంగ్లీష్ ఆడియోతో, సబ్‌టైటిల్స్ పెట్టుకుని చూడండి.

మూడో సీజన్ (2020, పది ఎపిసోడ్లు) నత్తనడక. నాలుగు కథలు నాలుగు దిక్కులకు పోతాయి. డ్రాక్యులా కొడుకు అలుకార్డ్ భాగం మరీ అన్యాయం, జనాన్ని ఉలిక్కిపడేలా చేయడానికే రాసినట్టుంది. ఐజాక్ ఒక్కడు ఈ సీజన్‌ని మోస్తాడు. శవాల నుంచి రాక్షసులను లేపేవాడు, తాను లేపిన ఈగ మొహం ప్రాణితో కూర్చుని మాట్లాడితే, అది ఒకప్పుడు ఏథెన్స్‌లో తత్వవేత్తనని చెబుతుంది. కత్తి దూయకుండానే వెన్నులో చలి పుట్టించే సీన్ అది. 2021 నాటి నాలుగో సీజన్ పరుగు మీద ఉంటుంది, ఫైట్లు మాత్రం అన్నిటికంటే బాగా కుదిరాయి.

నెట్‌ఫ్లిక్స్ 149 రూపాయల మొబైల్ ప్లాన్‌లో బొమ్మ నాణ్యత 480పీ మించి రాదు. సగం కథ చీకట్లోనే నడుస్తుంది కాబట్టి నలుపంతా గళ్లుగళ్లుగా పగులుతుంది. వీలైతే టీవీలో, లైట్లు తీసేసి చూడాలి. మొత్తం 32 ఎపిసోడ్లకు ఓపిక లేదంటారా, రెండో సీజన్ చివర ఆపండి. మొదటి పన్నెండూ కలిపి దాదాపు ఐదు గంటలే, డ్రాక్యులా కథ అక్కడికి తెగిపోతుంది.