స్కిజోఫ్రీనియా ఉన్న కొడుకు కోసం ప్రైవేటు ట్రస్టు: ఆరేళ్ల వాడకం తర్వాత

ఆస్తి: గుంటూరు బ్రాడీపేటలో రెండు వాటాల ఇల్లు, కొంత డిపాజిట్. 1882 నాటి ఇండియన్ ట్రస్ట్స్ చట్టం కింద పెట్టిన ఏర్పాటు: ఆస్తి ట్రస్టీల చేతిలో ఉంటుంది, దాన్ని వాళ్లు కొడుకు (లబ్ధిదారు) కోసమే వాడాలి. పదికి ఏడు మార్కులు. పోయిన మూడూ బ్యాంకు కౌంటర్లోనూ పన్ను దగ్గరా పోయినవే.

‘నేషనల్ ట్రస్ట్ గార్డియన్‌షిప్ (చట్టప్రకారం సంరక్షకుణ్ణి పెట్టడం) ఉందిగా’ అంటారు చాలామంది. 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, బహుళ వైకల్యాలకే. స్కిజోఫ్రీనియా, బైపోలార్ అందులోకి రావు. 2017 మానసిక ఆరోగ్య చట్టంలోని నామినేటెడ్ రిప్రజెంటేటివ్ (రోగి తరఫు ప్రతినిధి) పని వైద్యం వరకే, ఆస్తి జోలికి రాలేడు.

అసలు కిటుకంతా ట్రస్టు పత్రంలోని ఖర్చుల క్లాజులో ఉంది. ‘మందుల ఖర్చు’ అని ఊరుకుంటే చిక్కే. క్లోజపిన్ (స్కిజోఫ్రీనియాకి వాడే ఒక మందు) మొదలుపెడితే మొదటి 18 వారాలు వారం వారం రక్తపరీక్ష ఉంటుంది. ఆ బిల్లు మందుల్లోకి రాదని రెండో ట్రస్టీ సంతకం ఆపితే తప్పు ఆయనది కాదు, పత్రానిది. ‘వైద్యం, పరీక్షలు, తోడు మనిషి జీతం, ప్రయాణం, తిండి, ఇంటి మరమ్మతు’ అని విడివిడిగా రాయించండి. చేతి ఖర్చు నెలకోసారి కాకుండా వారానికి 750 చొప్పున ఇస్తేనే నిలుస్తోంది. మందుల షాపుకి, కరెంటుకి ట్రస్టు ఖాతా నుంచే నేరుగా కట్టాలి.

స్థిరాస్తి ఉంటే పత్రం రిజిస్టరు కావాల్సిందే. అయితే ఫీజు కడితే సర్టిఫైడ్ కాపీ ఎవరి చేతికైనా వస్తుంది, చెల్లెలికి సంబంధం చూడ్డానికి వచ్చినవాళ్లకైనా సరే. అందుకే జబ్బు పేరు పత్రంలో వద్దు. డాక్టరెవరు, ఎవరి మాట వింటాడు, మందు మానేశాడనడానికి తొలి గుర్తేంటి (రాత్రి రెండింటికి గేటు గడియ పదేపదే చూసుకోవడం లాంటివి), ఇవన్నీ రిజిస్టరు చెయ్యని విడి ఉత్తరంలో.

లబ్ధిదారు ఒక్కడే అయితే, ఒప్పందం చేసే అర్హత ఉన్నప్పుడు ఆస్తి తన పేరిట మార్చమని అతనే అడగొచ్చు (ట్రస్ట్స్ చట్టం సెక్షన్ 56). జబ్బు ఉన్నంత మాత్రాన ఆ అర్హత పోదు. అతని తర్వాత మేనల్లుళ్లకని రాయిస్తే అతనొక్కడే అడిగే ఆ తలుపు మూసుకుంటుంది.

పన్ను సంగతి: ఎవరికెంత అన్నది ట్రస్టీల ఇష్టానికి వదిలేస్తే గరిష్ఠ రేటు పడుతుంది. వీలునామాతో పెట్టిన ఏకైక ట్రస్టయితే మామూలు శ్లాబులే. ఇక బ్యాంకులో దీన్ని ధర్మసంస్థ అనుకుని 12ఏ సర్టిఫికెట్ (ధర్మసంస్థలకి పన్ను మినహాయింపు కోసం ఇచ్చేది) అడుగుతారు. పాన్, పత్రం కాపీ, ట్రస్టీల తీర్మానం పట్టుకుని మేనేజరు దగ్గరికే వెళ్లండి. కౌంటర్లో వాదించి లాభం లేదు.