కంట్రోల్ రూం పాత మాడ్యులేటరు, అవ్వ ఈసీ టీవీ: మూడేళ్లు వాడాక

మా అవ్వ టీవీ 1986లో కొన్నది. హైదరాబాద్‌లో ఈసీఐఎల్ వాళ్లు చేసిన 20 అంగుళాల బ్లాక్ అండ్ వైట్ ఈసీ సెట్టు. చెక్క పెట్టె, ముందు పక్కకు జరిపే షట్టరు, టకటకా తిరిగే పన్నెండు ఛానళ్ల నాబు. సెట్ టాప్ బాక్సు బొమ్మ, మాటల వైర్లు గుచ్చే ఏవీ సాకెట్ లేదు. వెనక ఫ్లాట్ వైరు బిగించుకునే రెండు స్క్రూలు, అంతే. కేబుల్లో అనలాగ్‌కు చివరి గడువు 2017 మార్చి 31తో తీరిపోయింది. మిద్దె మీది యాంటెనాకూ ఇప్పుడేమీ రాదు. అవ్వకు మాత్రం మధ్యాహ్నం ఎస్వీబీసీలో కల్యాణోత్సవం ఆ టీవీలోనే చూడాలి. పక్క గదిలో ఎల్ఈడీ ఉందన్నా వినదు.

మెకానిక్‌ను అడిగితే సెట్టు విప్పి ఏవీ సాకెట్ పెట్టేస్తానన్నాడు. నేనే వద్దన్నాను. ఆ కాలం సెట్లు చాలావాటిలో చాసిస్‌కే, అంటే లోపలి లోహపు చట్రానికే, నేరుగా కరెంటు ఉంటుంది. దానికి సెట్ టాప్ బాక్సు వైరు తగిలిస్తే బాక్సు పోవడమే కాదు, ముట్టుకున్నవాళ్లకు షాక్ కొట్టొచ్చు. యాంటెనా స్క్రూల దగ్గరైతే ఆ కరెంటు బయటికి రాకుండా లోపల అడ్డుగా కెపాసిటర్లుంటాయి. అందుకే మాడ్యులేటరు దారి పట్టాను. బాక్సు నుంచి వచ్చే బొమ్మ, మాటలను ఒక టీవీ ఛానలుగా మార్చి యాంటెనా స్క్రూలకు అందించే పెట్టె అది.

మూడేళ్ల కిందట తిరుపతి కొర్లగుంటలో ఒక పాత సామాన్ల అంగడిలో ఇవి కుప్పగా దొరికాయి. ఏదో కేబుల్ కంట్రోల్ రూం ఎత్తేసినప్పుడు తూకానికి అమ్మేసినవి. ఒక్కోటి రెండు ఇటుకలంత బరువు. ముందు వీడియో, ఆడియో, అవుట్‌పుట్ ఎంతుండాలో సర్దుకునే మూడు చిన్న స్క్రూలు. అంగడాయన "ఏదైనా ఒకటే సామీ, తీసుకోండి" అన్నాడు. ఒకటే కాదని ఇంటికొచ్చాక తెలిసింది. నేను తెచ్చిన దాని మీద ఎస్7 అని స్టిక్కరుంది. అంటే అది పంపే ఛానలు 147.25 మెగాహెర్ట్జ్ దగ్గర. మన నాబులో నాలుగో ఛానలు 62.25 దగ్గర, ఐదు 175.25 దగ్గర. మధ్యలో ఎస్ ఛానళ్లన్నీ కేబుల్ వాళ్లు వాడుకున్నవి, పాత నాబు సెట్లకు అవి అందవు. మర్నాడు మళ్లీ వెళ్లి కుప్పంతా తిరగేస్తే అడుగున ఈ4, అంటే నాబులో నాలుగో ఛానలుది, ఒకటి దొరికింది. మూడొందలిచ్చాను.

బాక్సు వీడియో, ఆడియో వైర్లు దానికి తగిలించి, 75 ఓమ్స్ కేబుల్‌ను 300 ఓమ్స్ స్క్రూలకు కలిపే చిన్న బాలన్ పెట్టి ఆన్ చేస్తే బొమ్మ వచ్చింది గానీ, పైభాగం పక్కకు ఒరిగిపోయి, ముఖాలు నల్లగా మాడినట్టున్నాయి. "ఏమిరా, సామి వంకరగా కనపడతా ఉండాడే" అంది అవ్వ. పీస్ పాడైపోయిందనే అనుకున్నాను. అసలు సంగతి వేరు. ఊరంతటికీ సిగ్నల్ పంపేందుకు చేసిన పెట్టె ఇది, సిగ్నల్ బలం కొలతలో వందకు పైగా డీబీ మైక్రోవోల్టులు వదులుతుంది. టీవీకి డెబ్బై చాలు. కేబుల్ అన్న దగ్గర సిగ్నల్ తగ్గించే 20, 10, 6 డీబీ అటెన్యుయేటర్లు తెచ్చి ఒకదాని వెనక ఒకటి బిగించాను. బొమ్మ అప్పుడు నిటారుగా నిలబడింది. ఎవరైనా ఇలాంటిది కొంటే పీసు పోయిందని పడేసే ముందు ఇది చూడండి.

ఇంకో తలనొప్పి, కింద తెల్ల అక్షరాల స్క్రోలింగ్ వచ్చినప్పుడల్లా మాటల్లో బర్ర్‌మని చప్పుడు. అక్షరాలు పోతే చప్పుడూ పోయేది. స్పీకరు చినిగిందనుకుని రెండు రోజులు వెతికాను. వీడియో స్క్రూను స్క్రూడ్రైవర్‌తో పావు చుట్టు వెనక్కి తిప్పితే పోయింది. మన టీవీ పద్ధతిలో తెలుపు ఎక్కువయ్యేకొద్దీ క్యారియర్, అంటే బొమ్మను మోసుకొచ్చే తరంగం, తగ్గుతుంది. మరీ ఎక్కువైతే అది దాదాపు మాయమై, దాన్ని ఆధారం చేసుకున్న 5.5 మెగాహెర్ట్జ్ శబ్దపు సిగ్నల్ కూడా చెడుతుంది.

రెండో ఎండాకాలంలో తెర మీద రెండు అడ్డ పట్టీలు మెల్లగా పైకి పాకడం మొదలైంది. మాడ్యులేటరు కరెంటు సప్లైలోని కెపాసిటర్లు ఎండిపోయాయి. పై మూత మీద చెయ్యి పెట్టలేనంత వేడెక్కే పెట్టె, తిరుపతి మే నెల, ఎండిపోక ఏమవుతాయి. 105 డిగ్రీల రకం కొత్తవి వేసుకున్నాను, యాభై రూపాయల్లో అయిపోయింది. అప్పటి నుంచి రెండు వైపులా గాలాడేలా పెట్టి, కల్యాణం అయిపోగానే ప్లగ్ తీసేస్తున్నాను.

మధ్యలో ఆన్‌లైన్‌లో అరచేతిలో పట్టే కొత్త మాడ్యులేటరు ఒకటి తెప్పించాను. తేలిక, వేడెక్కదు, ఛానల్ మార్చుకోవచ్చు. కానీ గంట గడిచేసరికి బొమ్మ జారిపోయేది, అవ్వ ఫైన్ ట్యూనింగ్ తిప్పుకుంటూ కూర్చునేది. వాపసు చేశాను. ఈ పాతది మాత్రం మూడేళ్లలో ఒక్కరోజూ ఛానలు దాటలేదు.

కొనేవాళ్లు స్టిక్కరు మీద ఈ2 నుంచి ఈ12 లోపు ఉందో లేదో చూసుకోండి. సెట్ టాప్ బాక్సు సెట్టింగుల్లో మన టీవీ పద్ధతి పాల్ (PAL), తెర ఆకారం 4:3 పెట్టండి, లేకపోతే బొమ్మ సన్నగా సాగుతుంది. అవుట్‌పుట్‌ను మిద్దె మీది యాంటెనాకు మాత్రం తగిలించకండి. పక్కింటివాళ్లకేమో గానీ, అది చట్టం ఒప్పుకోని ప్రసారం.

ఎస్7 పారేయలేదు. సెట్ టాప్ బాక్సు కింద ఎత్తుకు పెట్టాను, సరిగ్గా రిమోట్ అందే ఎత్తుకొచ్చింది.